చర్మం పొట్టు రాలే వ్యాధులు: గుర్తింపు, నిర్ధారణ, చికిత్స
(పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పాత్రికేయులు, క్షేత్రస్థాయి అధికారుల సమాచారార్థం ప్రత్యేక వ్యాసం)

"ఒంటిమీద పొట్టు రాలుతున్నది", "అరచేతుల తోలు లేస్తున్నది" అన్న మాటలు ఉత్తర తెలంగాణలోని ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా వినవచ్చును. ఈ మాటలతో వచ్చిన వారిలో ఒకరికి కావలసినది కొబ్బరినూనె మాత్రమే. మరొకరికి కొన్ని వారాల పాటు క్రమం తప్పని మందులు కావాలి. ఇంకొకరిని ఆ గంటలోనే 108 వాహనంలో పెద్దాసుపత్రికి పంపవలసి ఉంటుంది. పొట్టు రాలడం ఒక వ్యాధి పేరు కాదు, అనేక వ్యాధులకు ఉమ్మడిగా ఉండే లక్షణం. ఏ వ్యాధి అన్నది తేలక ముందే మందు వాడడం వలన సులభంగా నయం కావలసినవి మొండివ్యాధులుగా మారుతున్నవి. ప్రాణాపాయకరమైనవి ఆలస్యంగా బయటపడుతున్నవి.

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పూర్వపు ఆదిలాబాద్ జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగాను, పూర్వపు కరీంనగర్ ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగాను ఏర్పడినవి. ఈ ప్రాంతంలో చర్మవ్యాధులు ఋతువులను అనుసరించి మారుతుంటాయి. వేసవిలో రామగుండం పరిసరాలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం, వానాకాలంలో తడిబట్టలతో పొలం పనులు, చలికాలంలో ఆదిలాబాద్ మన్యంలో ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపునకు పడిపోవడం ఇందుకు కారణాలు. బొగ్గు గనులు, పత్తి చేలు, మరమగ్గాలు, ఆశ్రమ పాఠశాలలు తమవంతు సమస్యలను జోడిస్తున్నవి.

చర్మం పొట్టు ఎందుకు రాలుతుంది

చర్మపు పైపొర నిత్యం మారుతూనే ఉంటుంది. అడుగున పుట్టిన కణాలు క్రమంగా పైకి చేరి, చనిపోయి, సుమారు నెలరోజులకు కంటికి కనిపించనంత సన్నని పొడిగా రాలిపోతాయి. ఈ వేగం పెరిగినా, కణాలను అంటిపెట్టి ఉంచే బంధం చెడినా, చర్మంలోని తేమ, నూనె తగ్గినా పొట్టు కంటికి కనబడుతుంది. చలికాలంలో కాళ్లమీద తెల్లని గీతలతో వచ్చే పొట్టు ఈ మూడవ కోవకు చెందినది. స్నానం ముగిసిన వెంటనే, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే నూనె గాని వాసెలిన్ గాని రాసుకుంటే చాలును. మరీ వేడినీళ్లు, ఘాటైన సబ్బు మానుకోవాలి.

అరచేతులలో చిన్న చిన్న వలయాలుగా తోలు లేచి, రెండు మూడు వారాలలో తగ్గి, మళ్లీ ఎండాకాలంలో తిరిగి వచ్చే స్థితి మరొకటి కలదు. దురద ఉండదు, నొప్పి ఉండదు, ఒకరినుండి ఒకరికి అంటదు. విటమిన్ లోపమని భావించి చాలామంది దీనికి మాత్రలు మింగుతుంటారు. వాటితో ప్రయోజనం లేదు. యూరియా లేదా లాక్టిక్ ఆమ్లం కలిసిన లేపనం, సబ్బుపొడి తాకకుండా చేతి తొడుగు సరిపోతాయి.

తామర: ట్యూబులతో ముదిరిన సమస్య

పొట్టు రాలే వ్యాధులలో ఈ ప్రాంతంలో తరచుగా కనబడేది తామర. ఇది శిలీంధ్రం, అనగా బూజు జాతి సూక్ష్మజీవి వలన వస్తుంది. గజ్జలు, నడుము, పిరుదులు, రొమ్ముల కింది భాగం, కాలివేళ్ల సందులు దీనికి అనుకూల స్థానాలు. గుండ్రని మచ్చగా మొదలై అంచు ఎర్రగా, కొద్దిగా ఉబ్బి, పొట్టుతో విస్తరిస్తుంది. మధ్యభాగం మానినట్లు కనిపిస్తుంది. దురద తీవ్రంగా ఉంటుంది. భూగర్భ గనుల ఉక్కలో బూట్లతో షిఫ్టు అంతా గడిపే కార్మికులకు, నాట్ల కాలంలో గంటలకొద్దీ నీటిలో నిలబడే మహిళలకు కాలివేళ్ల సందులు నాని తెల్లబడి తోలు ఊడడం కూడా చాలావరకు దీనివలననే.

పూర్వం రెండు మూడు వారాల పూతమందుతో తగ్గిన తామర, 2014 ప్రాంతం నుండి దేశమంతటా మొండిగా మారినది. ఇంటిల్లిపాదికి రావడం, తగ్గినట్లే తగ్గి తిరగబెట్టడం, ముఖానికి సైతం పాకడం సాధారణమైనది. మన దేశంలో వ్యాపించిన ఈ శిలీంధ్రానికి 2020లో జపాన్ పరిశోధకులు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టినారు. తామరకు ప్రధాన ఔషధమైన టెర్బినాఫిన్‌ను తట్టుకునే శక్తి దీనిలో పలు రకాలకు కలదు.

సూక్ష్మజీవి మారడం ఒక్కటే కారణం కాదు. మందుల దుకాణాలలో తామర ట్యూబుగా అడిగిన వెంటనే చేతికి వచ్చే లేపనాలలో అనేకం మూడు నాలుగు మందుల మిశ్రమాలు. బూజును చంపే మందుతో పాటు బ్యాక్టీరియా మందు, వాటితో పాటు క్లోబెటసాల్ లేదా బీటామెథాసోన్ వంటి గట్టి స్టెరాయిడ్ వాటిలో ఉంటుంది. స్టెరాయిడ్ రాసిన రాత్రే దురద తగ్గుతుంది, ఎరుపు మాయమవుతుంది. రోగికి మందు పనిచేసినట్లే తోస్తుంది. వాస్తవానికి శరీరపు రక్షణశక్తి ఆ చోట అణగిపోయి, శిలీంధ్రం అడ్డులేక లోతుకు, వెడల్పుకు పెరుగుతుంటుంది. ట్యూబు ఆపిన నాలుగు రోజులకు రెట్టింపు దురదతో తిరగబెడుతుంది. రోగి మళ్లీ అదే ట్యూబు కొంటాడు. నెలల తరబడి ఇలా సాగితే గజ్జలలో, తొడలపై చర్మం పలుచబడి శాశ్వతమైన చారలు పడతాయి. ముఖానికి తెల్లదనం కోసం ఇవే ట్యూబులు రాసే యువతులలో ముఖం ఎర్రబడి, మొటిమలు, అవాంఛిత రోమాలు రావడం మరొక అనర్థం. తామర ఆకారమే చెరిగిపోవడంతో అనుభవజ్ఞులైన వైద్యులు కూడా తొలిచూపులో పోల్చుకోలేని పరిస్థితి ఏర్పడుతున్నది.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. పైపూత స్టెరాయిడ్లకు ఔషధ నిబంధనలలోని షెడ్యూల్ హెచ్ నుండి గతంలో ఉన్న మినహాయింపును తొలగిస్తూ కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2018 మార్చిలో నోటిఫికేషన్ జారీ చేసినది. వైద్యుని చీటీ లేకుండా వీటిని అమ్మరాదు. అమలు మాత్రం దుకాణం గల్లాపెట్టె దగ్గర తేలవలసిన విషయం. ఔషధ నియంత్రణ అధికారుల తనిఖీలలో చీటీ రిజిష్టర్లతో పాటు ఈ మిశ్రమ లేపనాల అమ్మకపు వివరాలను కూడా పరిశీలించడం అవసరము. గ్రామాలలో వైద్యార్హత లేనివారు దురదకు వేసే సూదులలో దీర్ఘకాలం పనిచేసే స్టెరాయిడ్ ఉండే అవకాశం కలదన్నది కూడా గమనించాలి.

తామర నిర్ధారణకు ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. మచ్చ అంచునుండి గీకిన పొట్టును గాజుపలకపై ఉంచి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం చుక్క వేసి, కొద్దిసేపు ఆగి సూక్ష్మదర్శినిలో చూస్తే శిలీంధ్రపు సన్నని దారాలు కనబడతాయి. క్షయ నిర్ధారణకు సూక్ష్మదర్శిని ఉన్న ప్రతి కేంద్రంలోను ఈ పరీక్ష చేయవచ్చును. స్టెరాయిడ్ పూసిన వారు కనీసం కొన్ని రోజుల ముందు దానిని ఆపితే ఫలితం స్పష్టంగా ఉంటుంది.

చికిత్సలో స్టెరాయిడ్ లేని శిలీంధ్ర నాశక లేపనం, వ్యాధి విస్తరించిన వారికి వైద్యుని పర్యవేక్షణలో ఇట్రాకొనజోల్ లేదా టెర్బినాఫిన్ మాత్రలు ఇస్తారు. ఒక్కోసారి ఆరు నుండి ఎనిమిది వారాలు, అంతకు మించి కూడా పట్టవచ్చును. మచ్చ మాయమైన తరువాత మరో రెండు వారాలు లేపనం కొనసాగించాలి. లేపనాన్ని మచ్చపైననే కాక చుట్టూ రెండు సెంటీమీటర్ల మేర రాయాలి. ఇంట్లో ఎవరికి దురద ఉన్నా వారందరికీ ఒకేసారి చికిత్స జరగాలి. తువ్వాళ్లు, లోదుస్తులు, దుప్పట్లు వేరుగా ఉంచి వేడినీటిలో ఉతికి ఎండలో ఆరవేయాలి. బిగుతైన జీన్సు ప్యాంటు, నడుముకు కట్టిన తడి మొలతాడు ఈ వ్యాధికి మంచి మిత్రులు.

మెడ, ఛాతీ, వీపుపై లేత రంగు మచ్చలుగా వచ్చి, గోటితో గీకితే పిండి వంటి పొట్టు రాలేది సిబ్బెం లేదా శోభి. ఇది తామర కాదు. చర్మంపై సహజంగా ఉండే ఒక ఈస్ట్ పెరగడం వలన చెమట కాలంలో వస్తుంది. కీటొకొనజోల్ లేదా సెలీనియం సల్ఫైడ్ షాంపూతో తగ్గుతుంది. పోయిన రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. దానిని మందు విఫలమైనట్లుగా భావించరాదు. లేత మచ్చ విషయంలో ఒక్క జాగ్రత్త తప్పనిసరి. మచ్చపై స్పర్శ లేకపోతే, దురద లేకపోతే కుష్ఠువ్యాధిని అనుమానించి ఆశా కార్యకర్త ద్వారా ఆరోగ్య కేంద్రానికి పంపాలి. బహుళ ఔషధ చికిత్స అన్ని ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం.

సోరియాసిస్

మోచేతులు, మోకాళ్లు, నడుము, తల మీద ఎర్రని మందమైన మచ్చలపై అభ్రకం వంటి తెల్లని పొలుసులు రాలితే సోరియాసిస్‌గా అనుమానించాలి. ఇది అంటువ్యాధి కాదు. రోగనిరోధక వ్యవస్థ లోపం వలన నెలరోజులు పట్టవలసిన చర్మ కణాల ప్రయాణం నాలుగైదు రోజులలోనే ముగుస్తుంది. మనదేశంలో జరిగిన వివిధ అధ్యయనాలలో పెద్దలలో 0.44 నుండి 2.8 శాతం వరకు దీని బారిన పడినట్లు తేలినది. పొలుసును మెల్లగా గీకితే అడుగున సూదిమొన లంతటి రక్తపు చుక్కలు కనబడడం, గోళ్లపై గుంటలు, వేళ్ల కీళ్ల నొప్పులు నిర్ధారణకు తోడ్పడతాయి. అనుమానం తీరనప్పుడు చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు.

శాశ్వతంగా నయం చేసే మందు లేదు, అదుపులో ఉంచే మందులు అనేకం కలవు. సాలిసిలిక్ ఆమ్లం, కాల్సిపోట్రియాల్ లేపనాలు, పరిమిత కాలం స్టెరాయిడ్ పూత, అతినీలలోహిత కిరణాల చికిత్స, మెథోట్రెక్సేట్ మాత్రలు వాటిలో ముఖ్యమైనవి. బొగ్గునుండి తీసే తారు కూడా వీటిలో ఒకటి. నల్లబంగారపు నేల వారికి ఇది ఆసక్తి కలిగించవచ్చును. తారుపూతను అతినీలలోహిత కిరణాలతో జోడించే పద్ధతిని అమెరికా వైద్యుడు గోకర్మన్ 1925లో ప్రవేశపెట్టినాడు.

మెథోట్రెక్సేట్ విషయంలో ఫార్మసిస్టులు, ఆరోగ్య సిబ్బంది రోగికి రెండుసార్లు చెప్పవలసిన మాట ఒకటి కలదు. ఇది వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకునే మాత్ర. పొరపాటున రోజూ వేసుకున్నవారిలో నోటిపూత, రక్తకణాలు పడిపోవడం, మరణాలు సంభవించినవి. ఏ వారమో చీటీపై తెలుగులో వ్రాసి ఇవ్వడం మేలు. నోటి ద్వారా స్టెరాయిడ్ మాత్రలు వాడి హఠాత్తుగా మానివేస్తే సోరియాసిస్ ఒళ్లంతా చీముపొక్కులుగా విరుచుకుపడే ప్రమాదం ఉన్నది. పసరు మందులు, భస్మాల పేరిట ఇచ్చే పొడులలో స్టెరాయిడ్ కలిపి ఉంటే జరిగేది కూడా ఇదే.

జొన్న గట్క, మక్క గట్క, పెలాగ్రా

పొట్టు రాలే వ్యాధులలో ఆహారంతో ముడిపడినది పెలాగ్రా. దీని చరిత్రలో తెలుగు నేలకు ప్రత్యేక స్థానం కలదు. స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కజాల్ 1735లో మొక్కజొన్న తిని బ్రతికే పేద రైతులలో దీనిని గుర్తించినాడు. మొక్కజొన్నలోని నియాసిన్ అను బి విటమిన్ శరీరానికి అందని రూపంలో ఉండడం, ఆ విటమిన్‌గా మారగల ట్రిప్టోఫాన్ తక్కువగా ఉండడం కారణమని తరువాత తేలినది. మెక్సికో ప్రజలు మొక్కజొన్నను సున్నపునీటిలో ఉడికించి వాడడం వలన ఆ బెడద నుండి తప్పించుకున్నారు. ఆ అలవాటు లేకుండా పంట మాత్రమే వలస వెళ్లిన దేశాలలో వ్యాధి కూడా వెంట వెళ్లినది.

దక్కన్ పీఠభూమిలో మాత్రం పెలాగ్రా మొక్కజొన్న తినని వారిలో, జొన్న తినే వారిలో కనిపించినది. జొన్నలో నియాసిన్ మొక్కజొన్నలో వలె బంధితమై లేదు, ట్రిప్టోఫాన్ అంత తక్కువ కాదు. ఈ చిక్కుముడిని హైదరాబాదులోని పోషకాహార పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చేపట్టినారు. కూనూరు నుండి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన ఆ సంస్థయే 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్నది. డా. సి. గోపాలన్, డా. ఎస్.జి. శ్రీకంటియా 1960లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అను ఆమ్లం నియాసిన్ తయారీకి, వినియోగానికి అడ్డుపడుతున్నదని ప్రతిపాదించినారు. ఈ సిద్ధాంతంపై శాస్త్రలోకంలో తరువాత చర్చ జరిగినది. విటమిన్ బి6 లోపం పాత్ర కూడా వెలుగులోకి వచ్చినది. పప్పు, పాలు, కూరగాయలు లేక జొన్న ఒక్కటే కడుపు నింపిన ఇళ్లలోనే వ్యాధి కనబడినదన్న విషయంలో మాత్రం వివాదం లేదు.

అందువలన జొన్నను తప్పుపట్టడం సరికాదు. గోండు, కోలాం గూడేలలో జొన్న రొట్టె, గట్క, అంబలి తరతరాల ఆహారం. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించినది. పప్పుతో, ఆకుకూరతో, కొద్దిపాటి పాలు లేదా గుడ్డుతో తిన్న జొన్న మంచి ఆహారం. 1983లో ప్రారంభమైన కిలో 2 రూపాయల బియ్యం పథకం, శ్రీరాంసాగర్ కాలువల కింద వరి విస్తరణ ఈ ప్రాంత ప్రధానాహారాన్ని మార్చినవి. గట్క స్థానంలో అన్నం వచ్చినది, పెలాగ్రా అరుదైనది.

అరుదైనదే గాని అంతరించలేదు. నేడు అన్నం మాని సారాతో, కల్లుతో రోజు గడిపే వారిలో, ఒంటరి వృద్ధులలో, దీర్ఘకాలిక విరేచనాలున్న వారిలో ఇది కనబడుతుంది. క్షయకు వాడే ఐసోనియాజిడ్ విటమిన్ బి6ను తగ్గించడం ద్వారా పెలాగ్రాకు దారితీయవచ్చును. క్షయ మందులతో పాటు ఇచ్చే పిరిడాక్సిన్ మాత్ర అందుకే. ఎండ తగిలే భాగాలపై మాత్రమే, రెండు వైపులా సమానంగా, గీత గీసినట్లు హద్దుతో చర్మం నల్లబడి, గరుకై, పొరలుగా ఊడడం దీని గుర్తు. చేతుల వెనుక భాగం, పాదాల పైభాగం, మెడ చుట్టూ హారం వలె వచ్చే మచ్చ చూసి పోల్చుకోవచ్చును. దురద కన్నా మంట ఎక్కువ. విరేచనాలు, నోటిపూత, నిద్రలేమి, మతిమరపు తోడవుతాయి. చికిత్స లేకపోతే మరణానికి దారితీస్తుంది.

నిర్ధారణ ప్రధానంగా రోగిని చూసి, ఏమి తింటున్నాడో అడిగి చేసేదే. రోజుకు 300 మిల్లీగ్రాముల నికోటినమైడ్‌ను విడతలుగా మూడు నాలుగు వారాలు, బి కాంప్లెక్స్‌తో, మాంసకృత్తులున్న ఆహారంతో ఇస్తారు. నోరు, మనస్థితి రెండు మూడు రోజులలోనే తేరుకోవడం మొదలవుతుంది. ఇంత చవకైన మందుతో ఇంత వేగంగా కోలుకునే ప్రాణాంతక వ్యాధి మరొకటి అరుదు. ఎండకు నల్లబడినదని వదిలివేయడమే ఇందులోని ప్రమాదం.

పనితో వచ్చే చర్మవ్యాధులు

పొలంగట్లపై పెరిగే వయ్యారిభామ మొక్క 1950లలో పూణే వద్ద గుర్తించబడి దేశమంతటా వ్యాపించినది. దాని పుప్పొడి, ఎండిన ఆకుల పొడి గాలిలో వచ్చి ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలపై ఎగ్జిమా కలిగిస్తుంది. చర్మం మందమై పొట్టు రాలుతుంది. పొలానికి వెళ్లిన రోజులలో పెరిగి, ఊరు విడిచిన రోజులలో తగ్గడం దీని ఆనవాలు. ప్యాచ్ పరీక్షతో నిర్ధారిస్తారు. తీవ్రమైన వారికి అజాథియోప్రిన్ వాడవలసి వస్తుంది. పూత రాకముందే చేతి తొడుగులతో పీకించడం గ్రామ పంచాయతీలు చేయగల పని. ఉపాధి కూలీలతో ఒట్టి చేతులతో పీకించరాదు.

సిమెంటులోని క్రోమియం వలన సుతారి పనివారి చేతులకు, అద్దకపు రంగుల వలన సిరిసిల్ల కార్మికులకు, పురుగుమందుల వలన పత్తి రైతులకు ఇటువంటి ఎగ్జిమా రావచ్చును. మందు పిచికారీ చేసిన బట్టలను వేరుగా ఉతకాలి. ఏ పని చేస్తారని అడగకుండా ఇచ్చిన లేపనం ఎన్ని ట్యూబులైనా ఫలితమివ్వదు.

పిల్లలు, ఆశ్రమ పాఠశాలలు

వసతి గృహంలో ముప్పై మంది పిల్లలకు ఒకేసారి దురద వచ్చినదంటే అది దాదాపుగా గజ్జి. "అంతుచిక్కని వ్యాధి" అని శీర్షిక పెట్టే ముందు పిల్లల వేళ్ల సందులు, మణికట్లు చూడాలి. రాత్రి దురద, సన్నని గీతల వంటి పొక్కులు, పక్కవారికీ అదే బాధ ఉంటే నిర్ధారణ పూర్తయినట్లే. 5 శాతం పెర్మెత్రిన్ లేపనం మెడ నుండి పాదాల వరకు రాత్రి రాసి ఉదయం స్నానం చేయించాలి, వారం తరువాత మరల రాయాలి. దురద ఉన్నా లేకున్నా గదిలోని అందరికీ అదే రాత్రి రాయకపోతే ఈ ప్రయత్నమంతా వృథా. మొదటి చికిత్స తరువాత కూడా రెండు మూడు వారాలు దురద మిగలవచ్చును. దానికోసం మళ్లీ మళ్లీ మందు పూయనక్కరలేదు.

జ్వరం తగ్గిన వారానికో రెండు వారాలకో పిల్లల వేళ్ల చివర తోలు ఊడడం కొన్ని అంటువ్యాధుల తరువాత సాధారణం. ఐదు రోజులు దాటిన జ్వరం, ఎర్రని కళ్లు, పగిలిన పెదవులు, మెడలో గడ్డ ఉండి ఆ పిదప వేళ్ల తోలు ఊడితే కవాసాకి వ్యాధి కావచ్చును. అది గుండె రక్తనాళాలను దెబ్బతీస్తుంది కనుక పిల్లల వైద్యునికి చూపాలి. కాళ్లు వాచి, జుట్టు రంగు మారి, గోడ సున్నం రాలినట్లు చర్మం పెచ్చులుగా ఊడే బిడ్డది తీవ్ర పోషకాహార లోపం. అంగన్‌వాడీ కార్యకర్త వెంటనే పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాలి.

పుట్టిన బిడ్డ ఒంటిపై పారదర్శకమైన పొర చుట్టినట్లుండి, కొద్ది రోజులలో అది పగిలి ఊడడం జన్యుపరమైన ఇక్తియోసిస్ లక్షణం కావచ్చును. మేనరికపు వివాహాలలో దీని అవకాశం హెచ్చు. వింత శిశువు అంటూ అటువంటి బిడ్డల ఛాయాచిత్రాలు ప్రచురించే ధోరణి మానుకోవలసినది. ఆ బిడ్డకు కావలసినవి వెచ్చదనం, తేమ, నవజాత శిశు సంరక్షణ విభాగంలో పడక. తల్లిదండ్రులకు కావలసినది తదుపరి కాన్పుకు ముందు జన్యు సలహా.

గంటలలో స్పందించవలసిన స్థితి

కొత్తమందు మొదలుపెట్టిన సుమారు ఒకటి నుండి నాలుగు వారాలలో, కొన్ని సందర్భాలలో ఎనిమిది వారాల వరకు, జ్వరం, గొంతునొప్పి, కళ్లమంటతో మొదలై, ఒంటిపై ముదురు ఎర్రని మచ్చలు, నోటిలో, కళ్లలో, మూత్రద్వారం వద్ద పుండ్లు వచ్చి, చర్మం తాకితే జారిపోవడం స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్. పొట్టు రాలడం కాదు, కాలిన గాయం వలె తోలు పలకలుగా ఊడుతుంది. శరీర ఉపరితలంలో 10 శాతం లోపు ఊడితే ఈ పేరు. 30 శాతం మించితే టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రాలిసిస్ అంటారు. మొదటి దానిలో మరణాలు సుమారు 5 నుండి 10 శాతం కాగా, రెండవ దానిలో 30 శాతం లేదా అంతకు మించి ఉంటున్నవి.

మూర్ఛకు వాడే కార్బమజెపిన్, ఫెనిటాయిన్, ఫెనోబార్బిటాల్, లామోట్రిజిన్, సల్ఫా మందులు, యూరిక్ ఆమ్లానికి వాడే అల్లోప్యూరినాల్, నెవిరాపిన్, కొన్ని నొప్పి మాత్రలు ప్రధాన కారణాలు. ఇవన్నీ అవసరమైన మందులే, లక్షల మంది సురక్షితంగా వాడుతున్నవే. వేడి చేసిందని, అమ్మవారు పోసిందని భావించి వేపాకు మీద పడుకోబెట్టి రెండు రోజులు గడపడం వలన, అదే మాత్రను కొనసాగించడం వలన ప్రాణం మీదికి వస్తుంది. అనుమానించిన క్షణమే మందు ఆపడం చికిత్సలో మొదటి మెట్టు. ఎంత త్వరగా ఆపితే బ్రతికే అవకాశం అంత ఎక్కువ. తరువాతిది కాలిన రోగికి వలె ద్రవాలు, వెచ్చదనం, సూక్ష్మజీవుల నుండి రక్షణ. కంటి వైద్యుని రోజువారీ పరీక్ష తప్పనిసరి. ప్రాణం దక్కినా చూపు పోయిన వారున్నారు. మూర్ఛ మందు ఆపినప్పుడు వేరే కోవకు చెందిన మందు వైద్యుడు సూచిస్తాడు. ఒక్కసారి ఈ ప్రతిచర్య వచ్చినవారు జీవితాంతం ఆ మందు పేరు వ్రాసిన చీటీని వెంట ఉంచుకోవాలి. రక్తసంబంధీకులకు కూడా ఆ మందు వాడే ముందు వైద్యునికి చెప్పాలి.

శరీరంలో 90 శాతానికి మించి చర్మం ఎర్రబడి పొట్టు రాలే ఎరిత్రోడెర్మా కూడా ఆసుపత్రిలో చేర్చవలసిన స్థితియే. సోరియాసిస్ ముదరడం, ఎగ్జిమా, మందుల ప్రతిచర్య, వయ్యారిభామ అలర్జీ దీనికి దారితీస్తాయి. శరీరం వేడిని, నీటిని, మాంసకృత్తులను కోల్పోతుంది. వృద్ధులు చలికి వణుకుతూ గుండె వైఫల్యం వరకు వెళ్లవచ్చును. పసిపిల్లల్లో నోటి చుట్టూ, చంకలలో ఎర్రబడి గంటలలో తోలు తడికాగితం వలె జారితే అది స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా విషం వలన వచ్చినది. యాంటీబయాటిక్ సూదులతో నయమవుతుంది, స్టెరాయిడ్ ఇస్తే విషమిస్తుంది.

సేవలు, సమాచారం

చర్మవ్యాధుల నిపుణుని కోసం ఒకప్పుడు హైదరాబాదుకో వరంగల్లుకో వెళ్లవలసి వచ్చేది. ఆదిలాబాద్‌లో రాజీవ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ 2008లో ప్రారంభమైనది. జగిత్యాల, మంచిర్యాల, రామగుండం ప్రభుత్వ వైద్య కళాశాలలు 2022లో, కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాద్, సిరిసిల్ల కళాశాలలు 2023లో తరగతులు ప్రారంభించినవి. వీటి అనుబంధ ఆసుపత్రులకు రోగులను పంపేటప్పుడు పాత చీటీలు, వాడిన ట్యూబుల ఖాళీ డబ్బాలు, మాత్రల అట్టలు వెంట పంపాలి. పేరు గుర్తులేని మందును అట్ట చెబుతుంది.

మందుల వలన కలిగిన ప్రతిచర్యలను 2010లో ప్రారంభమైన భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800-180-3024 ఉచిత టెలిఫోను ద్వారా వైద్యులు, ఫార్మసిస్టులు, నర్సులు, రోగులు సైతం తెలియజేయవచ్చును. మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, లక్షణాలు కనిపించిన తేదీ, ఇదివరలో వాడిన ఇతర మందుల వివరాలు ఇవ్వాలి. పత్రికలలో ఇటువంటి సంఘటనను ప్రచురించేటప్పుడు ఆ మందు రసాయన నామం కూడా ఇవ్వవలసినదిగా పాత్రికేయ మిత్రులకు సూచన. వ్యాపార నామం ఒక్కటే ఇస్తే, అదే మందును మరొక పేరుతో వాడుతున్న పాఠకునికి ఆ వార్త తనకు సంబంధించినదని తెలియదు.